పెక్కు మందులు వాడువారికి ఔషధ నిపుణుని తోడ్పాటు

ఒకప్పుడు మన పల్లెలకు మందుబిళ్ల చేరుటయే గగనము. నేడు రక్తపోటు, మధుమేహము గలవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములందును, పల్లె దవాఖానాలందును మందులు ఉచితముగా ఇచ్చుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయము. అయితే మందులు పెరిగిన కొలది వాటి వాడకములో చిక్కులు కూడ పెరిగినవి. ఈ విషయమున పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులను ఇచ్చట వివరింపదలచితిమి.

చిక్కు ఎచ్చట నున్నది?

ఒక వృద్ధ రైతును ఊహించుకొందము. పల్లె దవాఖానాలో ఆయనకు రక్తపోటుకు అమ్లోడిపిన్, మధుమేహమునకు గ్లిమెపిరైడ్ ఇచ్చిరి. పట్టణములోని వైద్యుడు మరియొక చీటీ వ్రాసెను. మోకాళ్ల నొప్పులకు ఆయన ఊరిలోనే డైక్లోఫినాక్ బిళ్లలు కొనుచున్నాడు.

పట్టణపు చీటీలో నున్నదియు అమ్లోడిపినే. కంపెనీ పెట్టిన పేరు వేరగుటచే ఆయన రెండింటిని మ్రింగుచున్నాడు. అందువలన కాళ్లు వాయవచ్చును, తల తిరుగవచ్చును. నొప్పి బిళ్లలను నెలల తరబడి వాడినచో రక్తపోటు పెరుగును, మూత్రపిండములు చెడును. గ్లిమెపిరైడ్ వేసికొని, అన్నము తినక పొలమునకు పోయినచో రక్తములో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, వణుకు పుట్టి, స్పృహ తప్పవచ్చును. ఒక్కొక్క మందు మంచిదే. అన్నింటిని ఒకచోట చేర్చి చూచినవారే లేరు.

ఐదు, అంతకు మించి మందులు నిత్యము వాడువారికి ఈ ప్రమాదము హెచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వలన కలుగు హానిని తగ్గించుటకు ఒక ఉద్యమము ప్రారంభించి, పెక్కు మందుల వాడకమును అందులో ముఖ్యాంశముగా చేర్చినది.

మన ప్రాంతపు పరిస్థితి

ఆదిలాబాద్ వైపు రోగులు నాగపూరు, యవత్‌మాల్ పోవుదురు. కరీంనగర్, జగిత్యాల వారు వరంగల్, హైదరాబాదులకు పోవుదురు. ఒక్కొక్కచోట ఒక్కొక్క చీటీ. గల్ఫ్ దేశములనుండి తిరిగివచ్చువారి సంచులలో అచ్చటి పేర్లుగల మందులు ఉండవచ్చును. ఉట్నూరు, ఆసిఫాబాదు ప్రాంతపు గూడెములలో గోండి, కొలామి మాటలాడు వృద్ధులకు మందు అట్టపైనున్న ఇంగ్లీషు అక్షరములు ఏమి తెలుపగలవు?

ఔషధ నిపుణుని విధి

మనము నేటికిని కాంపౌండరు అని పిలుచు ఫార్మసిస్టు కేవలము బిళ్లలు లెక్కించి ఇచ్చువాడు కాడు. 1948 ఫార్మసీ చట్టము 42వ సెక్షను ప్రకారము వైద్యుని చీటీపై మందు ఇచ్చుటకు రిజిస్టరయిన ఫార్మసిస్టుకే అర్హత గలదు. 2015లో వచ్చిన నిబంధనలు రోగికి సలహా చెప్పుటను కూడ అతని వృత్తిలో భాగముగా పేర్కొన్నవి. రోగి అతనిని అడుగవలసిన ప్రశ్నలు ఇవి:

1. ఈ మందు దేనికొరకు? ఎంత, ఎప్పుడు, అన్నమునకు ముందా, తరువాతా?
2. నాయొద్దనున్న మందులలో ఒకే మందు రెండు పేర్లతో ఉన్నదా?
3. ఇవి ఒకదానితో నొకటి పొసగునా? ఉదాహరణకు, క్షయకు వాడు రిఫాంపిసిన్ కొన్ని మధుమేహపు బిళ్లల శక్తిని తగ్గించును.
4. ఒక పూట మరచిన ఏమి చేయవలెను?
5. మందును ఎట్లు భద్రపరచవలెను?

అనుమానము కలిగినపుడు ఫార్మసిస్టు వైద్యునికి తెలుపును. మందును మార్చుట, మానిపించుట వైద్యుని పని. రోగి తనంతట తాను మానరాదు. రక్తపోటు మందు హఠాత్తుగా మానుట ప్రమాదకరము.

పంచాయతీ చేయదగిన పని

ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారితో మాటలాడి నెలకొకనాడు ఫార్మసిస్టు గ్రామమునకు వచ్చునట్లు కోరవచ్చును. ఆనాడు రోగులు ఇంటనున్న మందులన్నింటిని, నాటు మందులు, నొప్పి బిళ్లలతో సహా, ఒక సంచిలో వేసికొని చీటీలతో రావలెను. ఆశా కార్యకర్త, ఎ.ఎన్.ఎం. ముందుగా కబురు చేయవలెను. ఒంటరిగా నుండు వృద్ధులను తోడ్కొని వచ్చు బాధ్యత ఆయా వార్డు సభ్యులు వహింపవలెను.

చదువరాని వారికి కవరుపై ఉదయమునకు సూర్యుని, రాత్రికి చంద్రుని బొమ్మ గీయించిన చాలును. గూడెములలో వారి భాష తెలిసినవారిని తోడుంచుకొనవలెను. ఎవరికి ఏ జబ్బు గలదో గ్రామసభలో చదువరాదు. అది ఆ మనిషి సొంత విషయము.

చక్కెర పడిపోయిన వారికి స్పృహ ఉన్నచో వెంటనే చక్కెర నీరు త్రాగింపవలెను. స్పృహ లేనిచో నోట ఏమియు పోయక 108కి ఫోను చేయవలెను. ఈ ఒక్క సంగతి ప్రతి ఇంటికి తెలిసిన ప్రాణములు నిలుచును.

రోడ్డు, మోరీ, దీపము వలెనే మందుల సంచి కూడ గ్రామ క్షేమమునకు సంబంధించినదే. వచ్చు సమావేశములో ఈ విషయమును చర్చించి, సంచులు చూపించుటకు ఒక దినమును నిర్ణయింతురుగాక అని మా కోరిక.