చలిగాలియందు కెమెరా డ్రోను నడుపుట



కొన్ని యేండ్ల క్రిందట పెండ్లి ఊరేగింపులలో మాత్రమే కానవచ్చిన డ్రోను, అనగా కెమెరాను మోసికొని ఆకాశమున తిరుగు చిన్న యంత్రము, నేడు మన యిండ్లలోనికిని వచ్చినది. పిల్లలు దానిని కోరుచున్నారు; కొందరు తల్లిదండ్రులు కొనియిచ్చిరి. “ఇది ఆటవస్తువా, చదువునకు పనికివచ్చునదియా?” యని పలువురు మమ్మడుగుచున్నారు. ఇది ఆటవస్తువు మాత్రమే కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పేటలు నీట మునిగినపుడు, పడవలు చొరలేని సందులలోని యిండ్లకు ఆహారమును, నీటిని, మందులను డ్రోన్లతో అందించిరి. నేడు ఆటగా నేర్చినది రేపు ఒక ప్రాణమును కాపాడవచ్చును. అయినను సరిగా నేర్వని చేతిలో నిదియే ఇతరుల తలపై పడు రాయి యగును.

ఈ యంత్రమునకు గాలియు చలియు రెండు పరీక్షలు. మన దేవసూగూరు ఎండకు పేరుపడిన ప్రాంతమే యైనను, మార్గశిర పుష్యమాసములందు కృష్ణయొడ్డున వేకువను నిలిచినవారికి ఈ రెండును తెలియును. వానిని గూర్చి మేము చదివి తెలిసికొన్నదియు, పొరపడి తెలిసికొన్నదియు ఇచ్చట విన్నవించుచున్నాము.

ఒక వేకువ అనుభవము

గడచిన పుష్యమాసమున పాఠశాల వార్షికోత్సవమునకై కృష్ణానదిని పైనుండి చిత్రింపవలెనని సంకల్పించితిమి. మా పూర్వవిద్యార్థి యొకడు తన డ్రోనును తెచ్చెను. శక్తినగరు విద్యుత్కేంద్రమునకు చాల దూరముగా, నదికి ఎగువనున్న యొక పొలముగట్టు నెన్నుకొని, అచ్చట ఎగురవేయుటకు అభ్యంతరము లేదని ప్రభుత్వపు పటమున చూచుకొంటిమి. తొమ్మిదవ తరగతి పిల్లలు శాలువలు కప్పుకొని మా వెంట వచ్చిరి.

సూర్యుడు ఉదయించి కొలది నిమిషములైనది. జొన్నచేనిలో ఆకు కదలలేదు. “గాలియే లేదు, మంచి సమయము” అని సంతసించితిమి. ఒడ్డుననే కొంతసేపు చిత్రములు తీసి, పిదప యంత్రమును సుమారు 80 మీటర్ల ఎత్తునకు లేపి, పడమరగా, నదిలోని బండలవైపు పంపితిమి. అది అనుకొన్నదానికంటె త్వరగా పోయెను. నిమిషము గడువకముందే తెరపై దూరము 900 మీటర్లు దాటెను. పిల్లలు చప్పట్లు చరచిరి. మేమును వారితోపాటు మురిసితిమి.

మరలించిన వెంటనే చప్పట్లు ఆగినవి. యంత్రము ముక్కు వంచి పూర్తి బలముతో వచ్చుచున్నను, తెరపై దూరము తరుగుట లేదు. నిమిషమునకు నూరు మీటర్లు తగ్గుటయు కష్టమయ్యెను. బ్యాటరీ సగమునకు, పిదప మూడవవంతునకు దిగెను. అంతట ‘ఇంటికి మరలు’ అను మీట నొక్కితిమి. అదియే రెండవ పొరపాటు. ఆ యాజ్ఞ నందుకొన్న యంత్రము, చెట్లకు తగులకుండుటకై ముందుగా నిర్ణయించియున్న 100 మీటర్ల ఎత్తునకు ఎక్కసాగెను. ఎక్కినకొలది గాలి యెక్కువై, నిలిచినచోటనే నిలిచెను.

అప్పుడొక బాలిక, “అయ్యా, పొగ చూడండి” అనెను. తూర్పున దూరముగా విద్యుత్కేంద్రపు పొగ నిలువుగా లేవక, పడమరకు, అనగా మావైపునకు, పండుకొనియున్నది. మా యెదుట ఆకు కదలకున్నను మీద బలమైన తూర్పుగాలి వీచుచున్నదని ఆ పొగ మొదటినుండియు చెప్పుచునే యున్నది, మేము చూడమైతిమి. వెంటనే ఆ యాజ్ఞను రద్దు చేసి, చెట్లు లేని నీటిపైభాగమున యంత్రమును 20 మీటర్లకు దించితిమి. అచ్చట గాలి తక్కువ. యంత్రము కదలి, బ్యాటరీ నూటికి 9 పాళ్లున్నపుడు గట్టుపై దిగెను. అందరము ఊపిరి పీల్చుకొంటిమి. మరునాడు తరగతిలో నల్లబల్లపై వ్రాసిన మొదటి ప్రశ్న, “ఎందుకట్లయినది?” అనునది.

గాలి లెక్క

ఈ లెక్క ఎనిమిదవ తరగతి బాలుడు చేయగలడు. నిశ్చలమైన గాలిలో యంత్రవేగము సెకనుకు 10 మీటర్లనుకొందము. పోవలసిన దూరము 960 మీటర్లు. గాలి లేనిచో పోవుటకు 96 సెకన్లు, వచ్చుటకు 96 సెకన్లు, మొత్తము 192.

గాలి సెకనుకు 5 మీటర్ల వేగముతో వెనుకనుండి వీచినచో, పోవునపుడు వేగము 15 మీటర్లు; 64 సెకన్లలో చేరును. వచ్చునపుడు గాలి యెదురగును గనుక వేగము 5 మీటర్లే. 192 సెకన్లు పట్టును. మొత్తము 256. గాలి 8 మీటర్లైనచో పోవుటకు 53 సెకన్లు, వచ్చుటకు 480 సెకన్లు, అనగా 8 నిమిషములు! గాలి 10 మీటర్లైనచో యంత్రము ఎన్నటికిని మరలిరాదు.

పిల్లలలో పెక్కుమంది, “పోవునపుడు కలిసివచ్చినది వచ్చునపుడు పోవును, లెక్కకు లెక్క సరి” అని తలచిరి. పెద్దలమైన మేమును ఆ వేకువ అట్లే తలచితిమి. అది తప్పు. అనుకూలమైన గాలి కొలది సెకన్లపాటు మాత్రమే సాయపడును. ఎదురుగాలి అనేక నిమిషములు పీడించును. కావున నేర్పరులు మొదట గాలికి ఎదురుగా పోయి, మరలునపుడు గాలితో వత్తురు. బలమున్నపుడు కష్టము, అలసినపుడు సుఖము. సంతకు బరువుతో పోయి ఖాళీబండితో మరలు రైతునకు ఈ నీతి వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రపంచపు తొలి విమానమును చలిగాలి యెట్లు పరీక్షించెనో చూడుడు. 1903 డిసెంబరు 17న అమెరికాలోని కిట్టీహాక్ సమీపమున రైట్ సోదరులు తమ యంత్రమును ఎగురవేసిన నాడు నీటిగుంటలు గడ్డకట్టియుండెను. గాలి గంటకు 20 మైళ్లకు మించి వీచుచుండెను. వారు గాలికి ఎదురుగానే లేచిరి. తొలిసారి 12 సెకన్లలో 120 అడుగులు మాత్రమే సాగిరి. అనగా నేలపై లెక్కించినచో సెకనుకు 10 అడుగులు, మనిషి పరుగుకంటె తక్కువ. అయినను రెక్కలపైనుండి పారు గాలివేగము చాల హెచ్చుగనుకనే యంత్రము నిలిచినది. నాల్గవసారి 59 సెకన్లలో 852 అడుగులు పోయిరి. పిదప నేలపై నిలిపియున్న యంత్రమును ఒక విసురుగాలి దొర్లించి విరుగగొట్టెను. నేలకు దిగినంత మాత్రమున గాలితో పని తీరదని దీనివలన తెలియుచున్నది.

నేలపై నిశ్చలత, మీద గాలి

ఆకు కదలనిచోట మీద గాలి యెట్లుండును? పగలు ఎండకు నేల వేడెక్కి, వేడిగాలి పైకి లేచి, పైగాలియు క్రిందిగాలియు కలియును. శీతకాలపు రాత్రి నిర్మలాకాశము క్రింద నేల త్వరగా చల్లారును; దానినంటిన గాలియు చల్లనై, బరువెక్కి, నేలపై పరచుకొనును. పైనున్న వెచ్చనిగాలి దానితో కలియక, దానిమీదుగా జారి, అడ్డము లేక వేగముగా పోవును. సూర్యోదయమైన పిదప కొంతసేపు ఈ స్థితి యుండును. కావున చలికాలపు వేకువ నేలపైని నెమ్మదిని నమ్మరాదు. పొగను, మేఘములను, ఎత్తున ఎగురు గాలిపటమును చూడవలెను.

చెట్లను చూచి గాలి నంచనావేయు పద్ధతి యొకటి కలదు. ఆకులు, రెమ్మలు ఎడతెగక కదలుచు, పలుచని జెండా విచ్చుకొన్నచో గాలి గంటకు 12 నుండి 19 కిలోమీటర్లు. దుమ్ము, కాగితములు లేచి, చిన్న కొమ్మలు ఊగినచో 20 నుండి 28. ఆకులతో నిండిన చిన్నచెట్లే ఊగినచో 29 నుండి 38. ఇది 1805లో బోఫర్ట్ అను బ్రిటిషు నావికాధికారి యేర్పరచిన కొలమానము ననుసరించినది. చిన్న డ్రోన్లలో పెక్కింటికి తయారీదారులు చెప్పు హద్దు గంటకు 38 కిలోమీటర్లకు అటునిటుగా నుండును. హద్దువరకు పోవుట నేర్పు కాదు. దుమ్ము లేచినచో పిల్లలు యంత్రమును పెట్టెలోనే యుంచవలెనని మా నియమము.

చలి బ్యాటరీని ఏమి చేయును?

చల్లనిగాలి దట్టమైనది గనుక పంకలకు నిజముగా కొంత సాయమే చేయును. కష్టమంతయు బ్యాటరీకి. లిథియం బ్యాటరీలో విద్యుత్తు పుట్టుటకు లోపలి అయానులు ఒక కొసనుండి మరియొక కొసకు నడువవలెను. చలికి వాని నడక మందగించును. లోపలి నిరోధము హెచ్చును. అప్పుడు ఒక్కసారిగా బలమడిగినచో వోల్టేజి దిగజారి, తెరపై సగమున్నట్లు తోచిన శక్తి క్షణములో పావైపోవచ్చును. ఎదురుగాలిలో యంత్రము అధికబలమునే యడుగును. ఈ విధముగా చలియు గాలియు ఒకదానికొకటి తోడగును.

మన ప్రాంతపు వేకువ 15 డిగ్రీలకు అటునిటుగా నుండుట బ్యాటరీకి ప్రమాదమేమియు కాదు. పెక్కు యంత్రములకు సున్న నుండి 40 డిగ్రీలవరకు అనుకూలమని చెప్పుదురు. మనకు వేసవియే ఆ హద్దును దాటును. కాని సెలవులలో అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగికి మంచుమేఘములను చిత్రించుటకై పోవు కుటుంబములు కలవు. సుమారు 1000 మీటర్ల ఎత్తుననున్న ఆ యూరి చలి వేరు. అట్టిచోట బ్యాటరీని రాత్రి కారులో విడువక, పడకగదిలో నుంచి, ఉదయము చొక్కా లోపలిజేబులో వెచ్చగా తీసికొనిపోవలెను. పూర్తిగా నింపినదానినే వాడవలెను. లేచిన పిదప ఒకటి రెండు నిమిషములు తక్కువ ఎత్తుననే నిలిపి, బ్యాటరీ వేడెక్కిన తరువాత పోవలెను. గడ్డకట్టు చలిలో బ్యాటరీని చార్జి చేయరాదు. మంచుపొగలోనికి పంపరాదు, తడి మోటార్లలోనికి పోవును, యంత్రమును కంటికి కనబడదు.

చలికి బ్యాటరీని వెచ్చగా నుంచుట యెంత ముఖ్యమో అంగారకగ్రహముపై ఎగిరిన ‘ఇంజెన్యుయిటీ’ చెప్పును. 1.8 కిలోల ఆ చిన్న హెలికాప్టరు 2021 ఏప్రిల్ 19న తొలిసారి లేచి, 2024 జనవరివరకు 72 మారులు ఎగిరెను. అచ్చటి రాత్రులందు చలి సున్నకు దిగువ 90 డిగ్రీలవరకు పోవును గనుక, దాని శక్తిలో పెద్దభాగము ఎగురుటకు గాక, వెచ్చగా నుండుటకే వ్యయమయ్యెను. దాని ప్రధాన ఇంజనీరు బాబ్ బలరామ్ మదనపల్లె సమీపమునందలి రిషీవ్యాలీ పాఠశాలలో చదివినవారు. మన పల్లెబడులలోని పిల్లలకు ఈ మాట చెప్పవలెను.

తల్లిదండ్రులు గమనింపవలసినవి

2021 ఆగస్టున వెలువడిన డ్రోను నిబంధనలు 250 గ్రాములవరకు బరువున్నవానిని నానో అనియు, 2 కిలోలవరకు మైక్రో అనియు విభజించినవి. ఆకాశమును ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములుగా గుర్తించినవి. ఆకుపచ్చ మండలమున 400 అడుగులకు, అనగా 120 మీటర్లకు, మించి పోరాదు. ఎరుపు మండలమున కేంద్రప్రభుత్వపు అనుమతి లేక ఎగురవేయరాదు. ప్రతిసారియు బయలుదేరుటకు ముందు పటమును చూచుట పెద్దల బాధ్యత.

పటముతో నిమిత్తము లేకయే మన యూరిలో మరి మూడు జాగ్రత్తలు అవసరము. విద్యుత్కేంద్రపు దరిదాపులకును, హైటెన్షన్ తీగల చెంతకును పంపరాదు. సూగూరేశ్వరస్వామి రథోత్సవమువంటి జనసమూహములపై ఎగురవేయరాదు. యంత్రము నదిలో పడినచో దానికొరకు పిల్లలు నీటిలో దిగరాదు. ఇది అన్నిటికంటె ముఖ్యము. వస్తువు పోయినచో మరల కొనవచ్చును. “పోగొట్టితివా?” అని ఇంటిలో కొట్టుదురను భయముననే పిల్లలు నీటిలోనికి దూకుదురు. పంపునపుడే, “పోయినచో పోనిమ్ము, నీవు రమ్ము” అని మీరు చెప్పియుండవలెను.

బ్యాటరీ సగమునకు దిగకముందే మరలవలెను. చలియు గాలియు రెండును ఉన్నచో మూడింట ఒకపాలు వాడినంతనే మరలుట మేలు. ఆవలియొడ్డు తెలంగాణ, అచ్చట రాష్ట్రభాషయైన తెలుగు ఈ యొడ్డున మనకు ఇంటిభాష, బడిభాష. గాలి, చలి, బ్యాటరీ అను ఈ లెక్కలను మా పిల్లలు ఆ భాషలోనే చేసిరి, అడిగిరి, మా పొరపాటును మాకు చూపిరి. పొగను చూడుమన్న బాలికకు ఈ వ్యాసమున సగము చెందును.

ఇంట పిల్లలతో చేయదగిన లెక్కలు

1. యంత్రవేగము సెకనుకు 12 మీటర్లు, గాలి 4 మీటర్లు, దూరము 640 మీటర్లు. గాలితో పోయి మరలివచ్చుటకు మొత్తమెంత కాలము?

2. అదే దూరమును గాలి 8 మీటర్లున్నపుడు పోయి వచ్చుటకెంత?

3. నేడు మీ డాబాపైనుండి పొగ యెటు వాలుచున్నది? క్రింద ఆకులును అటే కదలుచున్నవా?

మొదటిదానికి 120 సెకన్లు, రెండవదానికి 192 సెకన్లు జవాబు. మూడవదానికి జవాబును పిల్లలే చూచి చెప్పవలెను.