వాహన శుభ్రత – నీటి పొదుపు

మన కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పాఱు జీవనది యొక్కటియు లేదు. మన పూర్వులు ఊరూరను చెఱువులు త్రవ్వించి, వాననీటిని నిలువజేసికొని జీవించిరి. మన బూదికోట చెంత మార్కండేయ జలాశయము కలదు. బంగారు గనుల పట్టణమునకు బేతమంగలమున పాలారు నీటిని నిలువజేసి తరలించిరి. చెఱువులు పూడి, వానలు తప్పినకొలదిని జనులు బోరుబావుల నాశ్రయించిరి. పలుచోట్ల వేయి అడుగులు మించి త్రవ్వినను నీరు పడునను నమ్మకము లేదు. పడిన నీటిలోను కొన్నిచోట్ల ఫ్లోరైడు దోషము కలదు. 2018 మొదలు బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి మన జిల్లా చెఱువులకు ఎత్తిపోయుచున్నారు. అది భూగర్భజలమును పెంచుటకే గాని త్రాగుటకు గాదు. ఇట్టి సీమలో కారును ఎట్లు కడుగవలెనను ప్రశ్న కేవలము వేడుకకు సంబంధించినది కాదు.

2001లో గనులు మూతపడిన పిదప ఈ ప్రాంతమువారు బ్రతుకుతెరువునకై బెంగుళూరునకు పోయివచ్చుట అధికమైనది. మన పాఠశాల బాలబాలికల తండ్రులలో టాక్సీ నడుపువారున్నారు. టమాటా గంపలను కోలారు మార్కెట్టునకు చేర్చు బండ్లవారున్నారు. వారికి వాహనమే జీవనాధారము. మాసిన టాక్సీని ప్రయాణికులు మెచ్చరు. కావున కడుగవలదని చెప్పుట న్యాయము గాదు. తక్కువ నీటితో, రంగు చెడకుండ కడుగు మార్గము తెలిసికొనుటయే యుక్తము.

ముందుగా నా తప్పును చెప్పుకొందును. కొంతకాలము క్రిందట ఒక ఆదివారము ఉదయమున వీధి కొళాయికి గొట్టము తగిలించి నా పాత కారును కడుగుచుంటిని. మా బడిలో ఏడవ తరగతి చదువు బాలిక యొకతె కడవతో వచ్చి నిలుచుండెను. ఉపాధ్యాయుడనని కాబోలు, చాలసేపు మాటాడలేదు. చివరకు, "ఇంకా ఎంతసేపు సార్? నీళ్లు నిలిచిపోతాయి" అనెను. "అయిపోయిందమ్మా" అని నేను చక్రములు కడుగుట ముగించులోపల కొళాయి నిలిచిపోయెను. ఆ బాలిక రిక్త కడవతో వెడలిపోయెను. తరగతిలో నీటి పొదుపును గూర్చి పాఠము చెప్పు నేను ఆ దినము పాఠము నేర్చుకొంటిని.

మరునాడు లెక్క చూచితిని. పదునైదు లీటర్ల బకెట్టు మా కొళాయి క్రింద ఒకటింబావు నిమిషమునకు నిండెను. అనగా నిమిషమునకు 12 లీటర్లు. నేను కారు కడిగినది 12 నిమిషములు; వెచ్చించిన నీరు 144 లీటర్లు. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ గ్రామములలో మనిషికి దినమునకు 55 లీటర్లు అందింపవలెనని నిర్ణయించినది. నా కారు ఒక్క ఉదయమున ఇద్దఱు మనుష్యులకు మించిన దినవెచ్చము త్రాగెను.

అటుపిమ్మట నీరు మానవలెనని తలచి, పాత పంచె ముక్కతో పొడిగా తుడువజొచ్చితిని. నెల దాటకముందే కారుపై ఎండలో సాలెగూటివలె సన్నని గీతలు కనబడెను. కారణమును విచారింపగా తెలిసిన విషయమిది. కారు రంగుపైన క్లియర్ కోట్ అను పారదర్శకమైన పూత యుండును. దాని మందము సామాన్యముగా 40 మొదలు 50 మైక్రానులు, అనగా తల వెండ్రుక మందమునకు మించదు. మన నేల ధూళిలో నల్లరాతి పొడియు, గనుల దిబ్బలనుండి గాలికి లేచు పలుగురాతి పొడియు కలిసియుండును. ఆ కణములు చాకు ఉక్కు కంటెను కఠినమైనవి. పొడిగుడ్డతో రుద్దినపుడు గుడ్డ క్రింద అవి గరుకు కాగితమువలె పనిచేయును. కావున ధూళికిని పూతకును నడుమ జారుడు గల ద్రవమొకటి ఉండితీరవలెను. ఇప్పుడు చెప్పబోవు రెండు పద్ధతులకును మూలసూత్రమిదియే.

మొదటిది నీరు లేని పద్ధతి. వాటర్‌లెస్ వాష్ అని అమ్మువారు పిలుతురు. సీసాలోని ద్రవమును కారుపై ధారాళముగా చల్లి, అర నిమిషము నాననిచ్చి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో నొక్కకుండ ఒకే దిక్కునకు తుడువవలెను. సున్నాలు చుట్టరాదు. గుడ్డను రెండుసార్లు మడచినచో ఎనిమిది ముఖములేర్పడును. ఒక ముఖము మాయగానే మఱియొక ముఖమును త్రిప్పవలెను. వెంటనే మఱియొక పొడి గుడ్డతో మెఱుగు తేవలెను. ఒక కారునకు అర లీటరు ద్రవము చాలును. గుడ్డలు మాత్రము ఆరు మొదలు పది వఱకు కావలెను.

రెండవది జాడింపు లేని పద్ధతి. దీనిని రిన్స్‌లెస్ వాష్ అందురు. పది లీటర్ల నీటిలో ఒకటి రెండు మూతల మందు కలుపుదురు. సరియైన పాలు సీసాపై వ్రాసియుండును. సామాన్యమైన సబ్బునీరు నురుగు నిచ్చి ఆరినపుడు మరక కట్టును గావున పైని మంచినీరు పోసి జాడింపక తప్పదు. ఈ మందులో నురుగు స్వల్పము. జారుడునిచ్చు పాలిమర్లు అధికము. పూతపై మిగిలినను చెఱుపు చేయదు గావున జాడింపనక్కఱలేదు. గుడ్డలను బకెట్టులో నానవేసి, ఒక్కొక్కటిగా తీసి, తలుపు వంటి ఒక్కొక్క భాగమును తుడిచి, ఆ భాగమును వెంటనే ఆరవేసి, తరువాతి భాగమునకు పోవలెను. మాసిన గుడ్డను తిరిగి బకెట్టులో ముంచరాదు; ముంచినచో వదలిన ఇసుకయే మరల కారుపైకి వచ్చును.

ఈ రెంటిలో దేనిని ఎన్నుకొనవలెను? కారును నీడలోనికి తెచ్చి, దానిపై వ్రేలు తాకించి చూడుడు. నిన్న మొన్నటి పలుచని ధూళి మాత్రమే యున్నచో మొదటి పద్ధతి చాలును. అద్దెయింట కొళాయి లేనివారికిని, బెంగుళూరులో గిరాకీకై వేచియుండు టాక్సీవారికిని ఇది యనుకూలము. వ్రేలికి గరుకు తగిలినచో, వారము దినముల ధూళి పేరుకొన్నచో, రెండవ పద్ధతియే శ్రేయము. గుడ్డలో నీరు నిండియుండుటచే కణములు తేలి వచ్చును. వానకాలమున బురద గట్టిన బండికి గాని, పొలమునుండి వచ్చిన టమాటా బండికి గాని ఈ రెండును పనికిరావు. ముందుగా చక్రములపైనను అడుగు భాగమునను రెండు మూడు కడవల నీరు పోసి బురదను వదిలించి, పిదప పైభాగమును రెండవ పద్ధతితో తుడువవలెను. బురదపై గుడ్డ వేసి రుద్దుట రంగును చేజేతుల చెఱుపుకొనుటయే.

వెలను గూర్చియు ఆలోచింపవలెను. మొదటి పద్ధతి ద్రవమును కలిపి సిద్ధముగా అమ్ముదురు గావున సీసా త్వరగా ఖర్చగును. రెండవ దాని మందు చిక్కనిది. సీసా వెల ఎక్కువైనను అనేక వారములు వచ్చును. వారమువారము కడుగువారికి రెండవదే చౌక. "నీరు లేని పద్ధతి" యను పేరు చూచి మోసపోరాదు. మాసిన గుడ్డలను ఉదుకుటకు నీరు కావలెను గదా! అన్నిటిని కలిపి ఒక బకెట్టులో ఉదికినను పది లీటర్లగును. అందుచే ఈ రెండు పద్ధతుల నడుమ నీటి భేదము పేరులో కనబడునంత గొప్పది గాదు. గొప్ప భేదము గొట్టమునకును ఈ రెంటికిని నడుమనే యున్నది.

లెక్క కట్టుదము. వారమున కొక్కసారి గొట్టముతో కడిగినచో ఏడాదికి 144 × 52 = 7,488 లీటర్లు. రెండవ పద్ధతిలో కడుగుటకు 10, గుడ్డలకు 10, వెరసి 20 లీటర్లు; ఏడాదికి 1,040 లీటర్లు. మిగులునది 6,448 లీటర్లు. వేసవిలో మన వీధికి వచ్చు ట్రాక్టరు ట్యాంకరు నీటికి ఇది తీసిపోదు. గోటితో పోవుదానికి గొడ్డలి యెందుకని మన పెద్దలందురు.

మఱికొన్ని జాగ్రత్తలు. ఎండలో వేడెక్కిన రేకుపై ఏ మందును చల్లరాదు. తుడుచులోపల ఆరి మరక కట్టును. పైకప్పు మొదలుకొని క్రిందికి రావలెను. చక్రములకు వేఱు గుడ్డ నుంచి, వానిని చివర తుడువవలెను. నేల పడిన గుడ్డను ఉదుకక మరల వాడరాదు. పక్షిరెట్టను గోకక, తడిగుడ్డ వేసి నాననిచ్చి తీయవలెను. మన బోరునీటిలో సున్నపు లవణములు అధికము గావున తడిని ఆరనిచ్చినచో తెల్లని చుక్కలు మిగులును. ఏ భాగమున కా భాగమును వెంటనే పొడిగా తుడుచుటచే ఆ బాధ యుండదు.

ఇది మన యొక్కరి చింత గాదు. బెంగుళూరు జలమండలి 2024 మార్చిలో త్రాగునీటితో వాహనములు కడుగుటను నిషేధించి, 5,000 రూపాయల జరిమానా నిర్ణయించెను. వానలకు పేరుపడిన ఇంగ్లండులోను 2022లో కొన్ని ప్రాంతములందు గొట్టపు నీటితో కార్లు కడుగుటను నిషేధించిరి. అయితే జరిమానాకు వెఱచి మానుట వేఱు, ప్రక్కయింటి కడవను తలచి మానుట వేఱు.

తల్లిదండ్రులారా! ఈ క్రింది అభ్యాసమును ఒక ఆదివారము మీ పిల్లలతో కలిసి చేయుడు.

1. మీ కొళాయి క్రింద బకెట్టు నిండుటకు పట్టు కాలమును కొలిచి, నిమిషమునకు ఎన్ని లీటర్లు వచ్చునో కట్టుడు.
2. మీ వాహనమును కడుగుటకు ఏడాదికి వెచ్చించు నీరెంతయో పిల్లలచేత గుణింపజేయుడు. సైకిలును మోటారు సైకిలును విడువకుడు.
3. అదే వాహనమును ఒక బకెట్టుతో కడిగి, భేదమును గోడ కాలెండరుపై వ్రాయించుడు.

లెక్కలు, విజ్ఞానము, నడవడి అను మూడు పాఠములును ఒక్క బకెట్టులో ఇమిడియున్నవి. నేనిప్పుడు పెరటి నీడలో ఒక బకెట్టుతో కారు తుడుచుకొనుచున్నాను. పాత గీతలు పోలేదు. క్రొత్తవి పడుట మాత్రము నిలిచినది. ఆదివారపు కొళాయి వద్ద కడవలే యుండవలెను, గొట్టములు గాదు.