బంతి లేనివాడిని చూడండి

క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని ఇల్లు మాది. రిటైరయ్యాక మనవడి పక్కన చేరి ఫుట్‌బాల్ చూడ్డం మొదలుపెట్టాను. ఇప్పుడు అర్ధరాత్రి మ్యాచ్‌కి అలారం పెట్టుకునేది నేను, ముసుగుతన్ని పడుకునేది వాడు. కొత్తగా ఈ ఆట జోలికొచ్చేవాళ్లకు పనికొస్తాయని నాలుగు మాటలు రాస్తున్నాను.

1. స్కోరు పక్కన పెట్టండి.
తొంభై నిమిషాలు ఆడినా స్కోరు సున్నా–సున్నా దగ్గరే ఉండిపోవచ్చు. "ఎవరెన్ని కొట్టారు?" అని వంటింట్లోంచి అడిగితే చెప్పడానికేమీ ఉండదు. ఎవరు ఎవరిని వెనక్కి నెడుతున్నారో గమనించండి. అరగంటగా బంతి ఒక జట్టు గోల్ ముందే తిరుగుతోందంటే, వాళ్ల కాళ్లలో సత్తువ కరిగిపోతోందన్నమాట.

2. ఆఖర్లో లేవకండి.
2022 వరల్డ్‌కప్ ఫైనల్లో దాదాపు 80వ నిమిషం దాకా అర్జెంటీనా 2–0తో ముందుంది. ఇంకేముందిలే అని లేచినవాళ్లు టీ గ్లాసుతో తిరిగొచ్చేసరికి స్కోరు సమం. ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే రెండు నిమిషాలు తిరక్కుండా రెండు గోల్స్ కొట్టేశాడు. చివరికి 3–3 అయి, పెనాల్టీల్లో అర్జెంటీనా గట్టెక్కింది.

3. బంతి లేనివాడిని చూడండి.
అసలు పాఠం ఇదే. క్రికెట్‌కు అలవాటుపడ్డ కళ్లు బంతి వెంటే పరిగెడతాయి. ఓ పది నిమిషాలు ఒక్క ఆటగాణ్ణే పట్టుకుని చూడండి. అదే ఫైనల్లో అర్జెంటీనా తరఫున డి మరియా కొట్టిన గోల్‌ని మళ్లీ వేసుకోండి. మెస్సీ ఒక్క తాకుడుతో బంతిని అల్వారెజ్‌కి వదిలాడు, అల్వారెజ్ ముందుకు పంపాడు, దూసుకొచ్చిన మకాలిస్టర్ తాను కొట్టకుండా అడ్డంగా ఎడమవైపు తోశాడు. ఈ తతంగమంతా సాగుతుండగానే, తన దగ్గర బంతి లేకుండానే డి మరియా ఎడమ అంచున పరుగు అందుకున్నాడు. కొట్టినవాడి పేరు పేపర్లో పడుతుంది. ఆ పరుగు చూసినవాళ్లకే గోల్ ఎలా పుట్టిందో తెలుస్తుంది.

4. ఆఫ్‌సైడ్‌కి జడుసుకోకండి.
అవతలివాళ్ల సగంలో, బంతికన్నా ముందున్న ఆటగాడికి పాస్ ఇచ్చే క్షణాన, అతనికీ గోల్ లైనుకూ మధ్య ప్రత్యర్థులు ఇద్దరుండాలి. సాధారణంగా అందులో ఒకడు గోల్‌కీపర్. రెండోవాడితో సమానంగా ఉన్నా ఫర్వాలేదు. ఈ నిబంధనే లేకపోతే ఫార్వర్డ్‌లు గోల్ ముందే కాపురం పెట్టేవాళ్లు. అదే వరల్డ్‌కప్‌లో సౌదీ డిఫెండర్లు ఒక్క వరసగా ముందుకు జరిగి నిలబడ్డారు. అర్జెంటీనా మొదటి సగంలోనే మూడుసార్లు బంతిని వలలోకి కొట్టినా ఆఫ్‌సైడ్ కింద ఒక్కటీ చెల్లలేదు. సౌదీ 2–1తో గెలిచింది.

5. గెలుపు చూసి జట్టును ఎంచుకోకండి.
ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఇరవై జట్లుంటే, ఏటా అడుగున మిగిలిన మూడూ కింది డివిజన్‌కి జారిపోతాయి. 2016లో ఛాంపియన్ అయిన లెస్టర్ సిటీ 2023లో అలాగే జారింది. మన హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి చూడండి. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపితే కప్పు మనదైంది. ఆ క్లబ్బే 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అభిమానికి ఇవన్నీ తప్పవు. బాధపడండి, జట్టు మార్చకండి.

6. మనవాళ్లను తెలుసుకోండి.
హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం తెచ్చింది. రెండుచోట్లా ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ వాడు. మెస్సీ పేరు నోరారా పలికే పిల్లలకు ఈ పేర్లూ చెప్పండి.

7. గ్రౌండ్‌కి వెళ్లండి.
టీవీ కెమెరా బంతిని వదలదు, కాబట్టి మూడో పాఠం సగమే ఒంటబడుతుంది. మీ ఊళ్లో ఏ కాలేజీ గ్రౌండ్‌లోనో పిల్లలాడుతుంటే వెళ్లి గోల్‌పోస్టు వెనక నిలబడండి. "ఎడమవైపు ఖాళీ! వాణ్ణి వదలకురా!" అని గోల్‌కీపర్ గొంతు చించుకుంటూ ఉంటాడు. అతను వేలు చూపించే ప్రతిచోటా బంతి లేనివాడొకడు కదులుతుంటాడు. ఆట మొత్తం అతనికే కనిపిస్తుంది, అతని వెనకున్న మీకూ కనిపిస్తుంది. టికెట్ అక్కర్లేదు. టోపీ మాత్రం మరిచిపోకండి, అక్కడ నీడ ఉండదు.