బీడులో మొక్కల లెక్క

ఒక ప్రోగ్రాములో ఇద్దరు విడివిడిగా బగ్గులు వెతికారనుకోండి. ఒకరికి 20, రెండోవారికి 15 దొరికాయి. ఇద్దరికీ దొరికినవి 10. అప్పుడు మొత్తం బగ్గులు 20ని 15తో హెచ్చించి 10తో భాగిస్తే వచ్చే 30 దాకా ఉండవచ్చని అంచనా. చేతికి చిక్కినవి 25, ఇంకో ఐదు ఎక్కడో దాక్కున్నాయన్న మాట. ఈ లెక్క మన వృత్తిలో పుట్టలేదు. చెరువులో చేపల్ని, అడవిలో జంతువుల్ని లెక్కపెట్టేవాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నాం. నేను దాన్ని తిరిగి పొలానికి తీసుకెళ్ళాను.

కడప జిల్లాలో మా ఊరి పక్కన ఒక బీడు ఉంది. "ముళ్ళూ రాళ్ళూ తప్ప అక్కడేముంది" అని దాన్ని చదును చేయించే మాట నడుస్తోంది. చదును చేసేలోగా ఏముందో రాసిపెడదామని, పిల్లల వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు జూన్ మొదట్లో మొదలుపెట్టాను.

పని తేలికే. నాలుగు కర్రలు, ఒక తాడు, మీటరు చదరం. అందులో ఉన్న ప్రతి మొక్కా రాసుకోవాలి (చెట్లకి మీటరు చాలదు, పది మీటర్ల చదరం కావాలి). చదరం ఎక్కడ వెయ్యాలో మాత్రం మనం ఎంచుకోకూడదు. ఎంచుకుంటే కాళ్ళు పూలున్న చోటికే పోతాయి. పటం మీద గళ్ళు గీసి, ర్యాండమ్ నంబర్లు ఏ గడి చెబితే అక్కడికి వెళ్ళాలి, అది ముళ్ళపొద అయినా సరే.

అసలు చిక్కు పేర్లతో. గలిజేరు అంటే కొందరికి ట్రయాంథిమా, కొందరికి బోర్‌హేవియా. ఆ రెండోదాన్నే ఇంకొకరు అటికమామిడి అంటారు. డేటాబేస్ రాసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఊరి పేరు ప్రైమరీ కీగా పనికిరాదు. శాస్త్రీయ నామమూ స్థిరం కాదు: తంగేడు పాత పుస్తకాల్లో కాసియా, ఇప్పుడు సెన్నా. అందుకని ప్రతి నమూనాకీ ఒక నంబరిచ్చి, ఫోటో తీసి, పేర్లన్నీ దాని పక్కన రాసుకున్నాను. ఊరి పేర్లు కొట్టెయ్యకండి. ఆ మొక్కని ఎవరు ఎందుకు వాడతారో తెలిసేది వాటివల్లే.

ఇప్పుడు లెక్క. తైవాన్ గణాంకవేత్త ఆన్ చావ్ 1980లలో చూపించిన దారి ఇది. ఉదాహరణకి 20 చదరాల్లో 45 జాతులు కనిపించాయనుకుందాం. వాటిలో ఒకే చదరంలో కనిపించినవి 20, సరిగ్గా రెండింటిలో కనిపించినవి 10. మొదటిదాని వర్గాన్ని (400) రెండోదానికి రెట్టింపుతో (20) భాగిస్తే 20. దాన్ని 19/20తో హెచ్చిస్తే 19. అంటే కనీసం 19 జాతులు మన కంట పడలేదు, మొత్తం 64 దాకా ఉండాలి. ఒక్కసారే కనిపించినవి ఎక్కువగా ఉంటే, ఒక్కసారి కూడా కనిపించనివీ ఎక్కువే ఉంటాయన్నది దీని వెనకున్న ఇంగితం.

ఈ సూత్రం చేత పట్టుకుని కాస్త గర్వంగానే ఇల్లు చేరాను. మా అత్త జాబితా చదివించుకుని, "గునుగేదీ? పాయలాకు ఏదీ? వాన పడకముందే పోయి ఏం చూసినావు నాయనా!" అంది.

ఆమె మాటే నిజం. అంచనా నేను చూసిన కాలానికే వర్తిస్తుంది. మట్టిలో గింజగా పడుకుని ఉన్నదాన్ని ఏ ఫార్ములా లెక్కపెట్టలేదు. సెలవులు దొరికినప్పుడు ఊరికి పోయే మన బోటివాళ్ళ జాబితాలన్నిటికీ ఈ లోపం ఉంటుంది. ఆ జూన్ కాగితాన్నే ఎవరికైనా ఇచ్చి ఉంటే, బీడులో ఏమీ లేదనడానికి నేనే సాక్ష్యం ఇచ్చినట్టయ్యేది.

ఇదే జిల్లా కలివికోడిని 1900 తర్వాత ఎవరూ చూడలేదని అంతరించినట్టే లెక్కగట్టారు. 1986లో మళ్ళీ ఇక్కడే దొరికింది. చుట్టుపక్కల పల్లెల్లో దాన్ని ఎరిగినవాళ్ళు అప్పటికీ ఉన్నారు.

మళ్ళీ అక్టోబరులో వెళ్తున్నాను, అవే గళ్ళకి. ఈసారి అత్త ముందు నడుస్తానంది.