ముందు చెప్పండి, తర్వాత రాయండి

సూరత్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు సెలవు దొరికితే డుమస్ బీచ్ ఉండనే ఉంది. అక్కడ ఇసుక నలుపు. దానికి తోడు దయ్యాల కథలు బోలెడు. పెద్దలు టమాటా భజియాల బండి దగ్గర ఆగిపోతారు. పిల్లలు మాత్రం ప్రశ్నలు మొదలుపెడతారు. ఇసుక ఎందుకు నల్లగా ఉంది? దయ్యానికి ఆకలేస్తే ఏం తింటుంది? పిల్లల కోసం రాయాలనుంది గానీ ప్రేరణ రావడం లేదని వాపోయేవాళ్లు ఆ రెండో ప్రశ్నకు జవాబు వెతకాలి. దొరికిందా, సగం కథ అయిపోయినట్టే.

ఈ తీరం నుంచి ఖంబాత్ సింధుశాఖ దాటితే భావ్‌నగర్ ప్రాంతం. తాపీ నది ఆవలి గట్టున హజీరాలో ఫెర్రీ ఎక్కి ఘోఘాలో దిగొచ్చు. పిల్లల కథలు రాసిన గిజుభాయి బధేకా పనిచేసిన చోటు ఆ భావ్‌నగరే. 1885లో పుట్టిన ఆయన వృత్తిరీత్యా వకీలు. 1913లో కొడుకు పుట్టాడు. వాణ్ని ఎలా పెంచాలా అన్న ఆలోచనలో ఉండగా మాంటిస్సోరి పద్ధతి ఆయన కంటపడింది. 1916లో అక్కడి దక్షిణామూర్తి విద్యాసంస్థలో చేరారు, 1920లో బాలమందిరం తెరిచారు. గుజరాత్ ఆయన్ని ‘మూఛాళీ మా’ అని పిలుచుకుంది, అంటే మీసాల అమ్మ. 1939లో కన్నుమూసే నాటికి ఆయన రాసినవి దాదాపు 200 పుస్తకాలు. వాటన్నిటికీ మూలం ఇంట్లో ఉయ్యాలలో దొరికింది.

ఆయన ‘దివాస్వప్న’లో ఒక పంతులు తొలిరోజు పిల్లలతో మౌనం ఆట ఆడించబోతాడు. పిల్లలు నానా కూతలూ కూసి క్లాసు పీకి పందిరేస్తారు. మర్నాడు కథ ఎత్తుకుంటాడు, అందరూ నోళ్లు మూసుకుని వింటారు. పంతులు కల్పిత పాత్రే. కానీ ఆ ఓటమిని అలా రాయడం పిల్లల మధ్య నలిగినవాడికే చేతనవుతుంది.

కాబట్టి ముందు నోటితో చెప్పండి. పిల్లలు ‘తర్వాత?’ అని ఎక్కడ అడిగారో గుర్తుపెట్టుకోండి. ఎక్కడ చూపు పక్కకు పోయిందో అక్కడ కోత పెట్టండి. ‘బాగుందా?’ అని మాత్రం అడక్కండి. పిల్లలు మర్యాదస్తులు, బాగుందనే అంటారు. మర్నాడు ఆ కథను వాళ్ల చేతే చెప్పించుకోండి. వాళ్లు మరిచిపోయిన ముక్క చాలాసార్లు మీరు అనవసరంగా పెట్టిందే అయివుంటుంది.

ఇక కూర్చుని రాసే ఓపిక సంగతి. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో పోయేదాకా పిల్లల మాసపత్రిక ‘చందమామ’ను నడిపారు. పెద్దల సాహిత్యంలో అప్పటికే పేరున్న మనిషి. అయినా ఇతరుల కథలు తిరగరాస్తూ, తన పేరు లేకుండా ఎన్నో రాస్తూ కూర్చున్నారు. నెలనెలా రావలసిన పత్రికకు రచయిత మూడ్‌తో పని లేదు. మీ చేతిలో పత్రిక లేకపోతే ఇంట్లో పిల్లలకు మాటివ్వండి, ప్రతి శనివారం రాత్రి కొత్త కథ అని. సంపాదకుడైతే బతిమాలితే ఒక వారం గడువిస్తాడు. ఐదేళ్ల పిల్ల ఇవ్వదు.