బుజ్జమ్మ అట్లాస్ తెరిచే ముందు

రాజమహేంద్రవరం

చి. బుజ్జమ్మకు తాతయ్య ఆశీస్సులు.

మీ టీచరమ్మ ఇంటికి పంపిన కాగితం మీ అమ్మ ఫోన్‌లో చూపించింది. వచ్చే నెల నుంచి వలసలు, మ్యాపులు, చదవడం, రాయడం నేర్పుతారట. ఈ నాలుగూ నాకు ఇష్టమైనవే. అందుకే ఈ ఉత్తరం. మొదటి పేరా మాత్రం అమ్మ సాయం లేకుండా నువ్వే చదవాలి.

చదివావా? ఇక మిగతాది అమ్మ చదివి వినిపించినా ఫరవాలేదు.

మీ కాగితంలో నాలుగింటికీ నాలుగు గడులు గీశారు. నాలుగో తరగతి పిల్లలకు అలా విడగొట్టి చెప్పడం తేలిక, కాదనను. కానీ మీ అమెరికాలో 1917లో వచ్చిన ఒక వలస చట్టంలో చదువూ, మ్యాపూ కలిసే ఉన్నాయి. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ దాన్ని వీటో చేశాడు. అయినా కాంగ్రెస్ ఫిబ్రవరి 5న పంతం నెగ్గించుకుంది. ఆ చట్టం ప్రకారం పదహారేళ్లు దాటి వలస వచ్చేవాళ్లు తమకు వచ్చిన ఏదో ఒక భాషలో 30కి తగ్గకుండా, 40కి మించకుండా ఉన్న మాటలు చదివి చూపించాలి. ఇంగ్లీషే అక్కర్లేదు. బడి మొహం చూడని బీదవాళ్లను గుమ్మంలోనే ఆపడానికి పెట్టిన పరీక్ష అది. తమాషా ఏమిటంటే, లోపలికి రానిచ్చినవాళ్లు భార్యనీ, తల్లినీ, నాయనమ్మనీ, 55 ఏళ్లు దాటిన తాతనీ చదువు రాకపోయినా తెచ్చుకోవచ్చు. కాబట్టి నాకు బెంగ లేదు.

ఇప్పుడు నీ పేరాలో మాటలు లెక్కపెట్టు. 32 ఉంటాయి, కావాలనే అలా రాశాను. తడుముకోకుండా చదివి ఉంటే పరీక్ష పాసైనట్టే. కానీ ఆ రోజుల్లో మా ఊరివాళ్లకు ఆ పాసు ఎందుకూ కొరగాదు. ఎందుకంటే అదే చట్టంలో ఒక మ్యాపు ఉంది, బొమ్మ లేకుండా మాటల్లో గీసిన మ్యాపు.

అట్లాస్ తెరిచి ఆసియా పేజీ తియ్యి. గ్రీనిచ్‌కు తూర్పున 50వ రేఖాంశం, 110వ రేఖాంశం ఎక్కడున్నాయో చూసి పెన్సిల్‌తో దిద్దు. పైన 50వ ఉత్తర అక్షాంశం మీద అడ్డంగా ఇంకో గీత. ఈ గీతల నడుమ ఆసియా నేల మీద పుట్టినవాళ్లు వలస రావడానికి వీల్లేదన్నారు. పర్షియా, అఫ్ఘానిస్తాన్ వైపు ఒక ముక్కను మాత్రం వదిలేశారు. రాజమండ్రి 17వ అక్షాంశం దగ్గర, దాదాపు 82వ రేఖాంశం మీద ఉంది. వేలు పెట్టి చూడు, గీతల లోపలే ఉంటాం. చట్టంలో ఇండియా అన్న పేరే రాయలేదు, అంకెలతోనే పని కానిచ్చేశారు. ఏ దేశాన్నీ పేరు పెట్టి వద్దనకుండా తలుపు మూయడానికి ఇంతకంటే నాజూకైన పద్ధతి నాకు తోచదు.

విద్యార్థులకు మినహాయింపు ఉండేది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల్లో చదువుకోవడానికే బోస్టన్ వెళ్లారు. అక్కడే ఉండి ఎన్నో మందుల మీద పనిచేసిన ఆయన 1948లో పోయేదాకా అమెరికా పౌరుడు కాలేదు. మనవాళ్లకు పౌరసత్వం తీసుకునే హక్కు 1946లో వచ్చింది. వలసకు మాత్రం ఏడాదికి వందమందికే చోటు. మీ నాన్నలాంటివాళ్లు వెళ్లే దారి 1965 చట్టంతో తెరుచుకుంది.

మీరుండేది న్యూజెర్సీ కనుక ఎల్లిస్ ఐలాండ్ తప్పకుండా చూపిస్తారు. 1892 నుంచి 1954 దాకా సుమారు కోటీ ఇరవై లక్షలమంది ఆ దీవి మీదుగా లోపలికి వెళ్లారు. ఆ దీవి ఏ రాష్ట్రానిదని మీ టీచరమ్మను అడుగు. అసలు దీవి మూడెకరాల పైచిలుకు, అది న్యూయార్క్‌ది. తర్వాత మట్టిపోసి పెంచిన నేల న్యూజెర్సీదని 1998లో సుప్రీంకోర్టు తేల్చింది.

అక్కడ ఓడ ప్రయాణికుల జాబితా చూపిస్తే పేరు దగ్గర ఆగిపోకు. వరస మొత్తం, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చదువు. వయసు, చేసే పని, చదవడం వచ్చా, రాయడం వచ్చా, టికెట్టు డబ్బు ఎవరిచ్చారు, చేతిలో ఎంత ఉంది, ఎవరింటికి వెళ్తున్నావు. ఒక్కో గడీ ఒక ప్రశ్న. అధికారులు పేర్లు మార్చేశారని సినిమాల్లో చూపిస్తారు, నమ్మకు. జాబితా రేవు దాటకముందే ఓడ కంపెనీవాళ్లు రాసేవారు. దీవిలో దాన్ని చూసే ప్రశ్నలడిగేవారు.

ఇంకో దీవి ఉంది, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర, పేరు ఏంజెల్ ఐలాండ్. మీ పాఠంలో దానికి రెండు లైన్లే దక్కుతాయేమోనని నా అనుమానం. 1910 నుంచి 1940 వరకు చైనావాళ్లను అక్కడ వారాలు, నెలల తరబడి ఆపేసేవారు. అమెరికాలో ఉన్న ఫలానావాడి కొడుకువే అయితే చెప్పు, మీ ఊళ్లో ఇళ్లు ఎన్ని వరసలు? మీ ఇల్లు ఎన్నోది? బావి ఎటువైపు? ఇలా అడిగేవారు. తండ్రినీ విడిగా అదే అడిగి, రెండు జవాబులూ పోల్చేవారు. అందుకే కొందరు ఊరి పటం గీసిన కాగితాలు ఓడలో బట్టీపట్టి, రేవు రాకముందే సముద్రంలో పారేసేవారు. లోపల బంధించినవాళ్లు చెక్క గోడల మీద పద్యాలు చెక్కారు. 1970లో ఆ భవనం కూల్చేయబోతుంటే ఒక పార్కు ఉద్యోగి ఆ అక్షరాలు గమనించి నలుగురికీ చెప్పాడు. ఇప్పుడది మ్యూజియం.

రాయడం సంగతి. మీ నాన్నను ఇంటర్వ్యూ చేయమంటారు, చూడు. ఎందుకు వచ్చావని అడిగితే "మంచి భవిష్యత్తు కోసం" అంటాడు. అందరు నాన్నలూ అదే అంటారు, అది రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ఓడ జాబితాలోని గడులే వరసగా అడుగు. టికెట్టు ఎవరు కొన్నారు? జేబులో ఎన్ని డాలర్లున్నాయి? విమానాశ్రయానికి ఎవరొచ్చారు, రాకపోతే ఏం చేశావు? చెప్పింది చెప్పినట్టు రాయి. గొప్ప మాటలు వెతకకు.

చివరిగా నాకోసం ఒక పని. కిందటి సెలవుల్లో చూశావుగా, ఇన్నీసుపేటలో మన ఇంటి నుంచి పుష్కరాల రేవు దాకా దారి గుర్తున్నంతవరకు గీయి. గూగుల్ చూడకూడదు, అమ్మను అడగకూడదు. ఫొటో తీసి పంపితే ఒప్పుకోను, కవర్లో పెట్టి పోస్టు చెయ్యి. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది తిరుగు టపాలో పంపుతాను.

ఇట్లు,
మీ తాతయ్య