తిరుగు రెక్కల విమానములు

విద్యార్థులారా! హెలికాప్టరునకును గైరోకాప్టరునకును పైభాగమున తిరుగు రెక్కలుండుటచే రెండును ఒకటియే యని భ్రమపడకుడు. ఆ రెక్కలను త్రిప్పునదేది? భేదమంతయు ఇందే కలదు.

హెలికాప్టరునందు యంత్రమే రెక్కలను త్రిప్పును. అవి గాలిని పైనుండి క్రిందికి నెట్టగా విమానము లేచును. ఆ రెక్కల చక్రమును ముందునకు వంచినచో, అదియే విమానమును ముందునకును లాగును. ఒకే పెద్ద చక్రము గల వానిలో, రెక్కలు ఒకవైపు తిరుగగా దేహము ఎదురువైపు తిరుగబోవును. దానిని తోకయందలి చిన్న చక్రము ఆపును.

గైరోకాప్టరునందు యంత్రము ప్రొపెల్లరును త్రిప్పి విమానమును ముందునకు నడపును. పైచక్రము కొంచెము వెనుకకు వాలియుండును. ఎదురుగాలి క్రిందనుండి పైకి దూరి, బాలుడు పట్టుకొని పరుగెత్తు తాటాకు గిరకను వలె, దానిని త్రిప్పును. కావున నిశ్చలమైన గాలిలో ఇది ఒకచోట నిలువజాలదు.

స్పెయిను దేశపు ఇంజనీరగు హువాన్ దె లా సియెర్వా, 1919లో తాను నిర్మించిన విమానము వేగము తగ్గి కూలుటచే, ఈ ఉపాయమును వెదకి 1923లో సఫలుడయ్యెను.

ఈ సూత్రమే హెలికాప్టరునకును రక్షణ. ఆకాశమున యంత్రమాగినచో చోదకుడు వెంటనే రెక్కల వాలును తగ్గించును; దిగునపుడు క్రిందిగాలియే వానిని త్రిప్పుచుండును. ఒక సూత్రమును చక్కగా ఎరిగియుండుట ప్రాణములనే నిలుపును గదా!